ఆయిల్‌పామ్‌కు సర్పిలాకార తెల్లదోమ బెడద - శిలీంధ్రంతో జీవనియంత్రణ

భద్రాద్రి కొత్తగూడెం: మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన రుగోస్ సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో తొలిసారిగా 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటలలో కనిపించినది. అనతికాలంలోనే గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలను ఆశించినది. ఆ జిల్లాల సరిహద్దున, అడవి అంచున గల అశ్వారావుపేట, దమ్మపేట మండలాలు తెలంగాణలో ఆయిల్‌పామ్ సాగుకు ఆయువుపట్టు. 2016 అక్టోబరు వరకు ఇవి ఖమ్మం జిల్లాలోని మండలాలే.

పేరులో దోమ ఉన్నప్పటికీ ఇది రసం పీల్చే పురుగు. పత్తిని ఆశించే తెల్లదోమ వేరు, ఇది వేరు. ఆకు అడుగున వలయాకారంలో గ్రుడ్లు పెట్టి తెల్లని మైనపు పొడితో కప్పుతుంది. ఇది విసర్జించే తీపి జిగురుపై నల్లని మసి తెగులు పెరిగి, ఆకు ఆహారం తయారుచేసుకొనే శక్తి తగ్గిపోతుంది. నల్లబడిన మట్టలను చూచిన రైతు పురుగుమందుల దుకాణానికి పరుగెత్తడం సహజమే. అయితే ఈ పురుగును సహజంగా అదుపుచేసే ‘ఎన్‌కార్సియా గ్వాడలూపే’ అనే పరాన్నజీవి రసాయనాల వలన ముందుగా నశిస్తుంది. తెల్లదోమ పిల్లపురుగుల డొల్లలపై గుండ్రని రంధ్రాలుంటే ఆ పరాన్నజీవి తోటలో ఉన్నట్లే. అటువంటి చోట రసాయన మందు జోలికి పోరాదు.

పరాన్నజీవికి తోడుగా నిలిచేది ‘ఐసేరియా ఫ్యూమోసోరోసియా’ అనే శిలీంధ్రం. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దీనిలో పి.ఎఫ్.యు.-5 రకాన్ని గుర్తించగా, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దానిని కోనసీమ రైతులకు అందుబాటులోకి తెచ్చినది. సిద్ధబీజాలు పురుగు చర్మానికి అంటుకొని మొలకెత్తి, లోపలికి చొచ్చుకొనిపోయి దానిని చంపుతాయి. లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి, ఆకుల అడుగుభాగం తడిసేలా, 15 రోజుల వ్యవధిలో 2 లేక 3 సార్లు పిచికారీ చేయాలి. ఎత్తయిన చెట్లకు శక్తివంతమైన స్ప్రేయరు తప్పనిసరి.

ఇది మందు కాదు, ప్రాణి. మొలకెత్తడానికి గాలిలో తేమ కావాలి. ఎండ సోకితే చస్తుంది. కనుక సాయంత్రం వేళనే చల్లాలి. భద్రాచలం ప్రాంతపు మే నెల ఎండలలో ఫలితం ఆశించడం అత్యాశే. శిలీంధ్రనాశక మందులతో కలిపితే పొడి వృథా. చల్లిన మూడవ రోజున తోట చూచి “పనిచేయలేదు” అని నివేదిక పంపడం, వార్త వ్రాయడం తొందరపాటు.

2021లో కేంద్రం జాతీయ వంటనూనెల-ఆయిల్‌పామ్ మిషన్‌ను ప్రకటించిన పిమ్మట రాష్ట్రంలోని ఇతర జిల్లాలకూ ఈ పంట విస్తరించినది. కొబ్బరి, జామ, అరటి మొక్కలనూ ఈ పురుగు ఆశిస్తుంది. నర్సరీ నుండి లారీ ఎక్కే ప్రతి మొక్కనూ, ఆకు త్రిప్పి అడుగుభాగం పరిశీలించిన తరువాతనే పంపాలి.

- జిల్లా పౌర సంబంధాల అధికారి