సెక్వోయా భార్య పెట్టిన దరఖాస్తు

ఆదివాసీ భాషకు సొంత లిపి అనగానే మనకు గుంజాల గోండి లిపి గుర్తొస్తుంది. అమెరికాలోని చెరోకీ ఆదివాసులకు సెక్వోయా గుర్తొస్తాడు. అప్పటిదాకా ఏ భాషలోనూ చదవడం, రాయడం రాని ఆయన 1821 నాటికి చెరోకీ పలుకులకు ఎనభైకి పైగా అక్షరాలు కూర్చాడు. 1828లో ఆ అక్షరాలతో ‘చెరోకీ ఫీనిక్స్’ పత్రిక మొదలైంది. ఈ సంగతి చాలామందికి తెలుసు. అంతకుముందు ఆయన ఏం చేశాడు, ఎప్పుడు పెళ్లాడాడు అన్నది తెలుసుకోవాలంటే మాత్రం సైన్యం పట్టీలు, ఆయన భార్య పెట్టిన దరఖాస్తు చూడాలి.

మన ఉపాధి హామీ పనికి మస్టరు ఉన్నట్టే ఆనాటి సైనిక దళాలకూ మస్టరు ఉండేది. అందులో సెక్వోయా అని వెతికితే ఆయన దొరకడు. జార్జ్ గెస్ అన్న ఇంగ్లీషు పేరుతో ఉన్నాడు. 1813 అక్టోబరులో చెరోకీ దళంలో చేరి మూడు నెలలకు బయటికి వచ్చాడు. 1814 జనవరిలో మళ్లీ చేరి ఏప్రిల్ దాకా ఉన్నాడు. ఆ మధ్యలోనే, మార్చి 27న, హార్స్‌షూ బెండ్ యుద్ధం జరిగింది. చెరోకీ దళాలు జనరల్ ఆండ్రూ జాక్సన్ పక్షాన పోరాడాయి. అదే జాక్సన్ అధ్యక్షుడై, 1830లో ఆదివాసులను వాళ్ల నేల నుంచి తరలించే చట్టంపై సంతకం చేశాడు. 1838-39లో చెరోకీలను సైన్యం బలవంతంగా పడమటికి తోలింది. ఆ దారిలో వేలమంది చనిపోయారు.

సెక్వోయా 1815లో శాలీని పెళ్లాడాడు. అప్పటి చెరోకీ పెళ్లిళ్లు ఎక్కువగా తెగ ఆచారం ప్రకారమే జరిగేవి. సర్కారు ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి లేదు. మెక్సికో వైపు వెళ్లిపోయిన తనవాళ్లను వెతుక్కుంటూ పోయి ఆయన 1843లో అక్కడే కన్నుమూశాడు.

1855లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. యుద్ధంలో కనీసం 14 రోజులు పనిచేసిన సైనికుడికి, అతను లేకపోతే భార్యకు, 160 ఎకరాల భూమి హక్కు ఇస్తామంది. ఆ హక్కును ఆదివాసీ సైనికులకూ వర్తింపజేసింది. శాలీ దరఖాస్తు పెట్టింది. భర్త సైన్యంలో పనిచేసిన సంగతి, తమ పెళ్లి సంగతి అందులో చెప్పుకుంది. భూమి కోసం ఒక ఆడమనిషి అడిగిన హక్కే ఆ ఇంటి చరిత్రను దాచిపెట్టింది. ఆమె అడగకపోతే ఆ పెళ్లి సంవత్సరం మనదాకా వచ్చేదో లేదో.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన తాత, ముత్తాతల పెళ్లిళ్లూ ఆచారం ప్రకారం, పటేల్ ముందు, పెద్దల ముందు జరిగినవే. 1955 హిందూ వివాహ చట్టం కూడా, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మన ఆచారపు పెళ్లి పెళ్లే. కానీ పింఛను కోసమో, వారసత్వం కోసమో ఆఫీసుకు వెళ్లినప్పుడు రుజువు అడుగుతారు. పెళ్లి చూసిన పెద్దలు పోతే రుజువూ వాళ్లతోనే పోతుంది.

అందుకే మీ ఇంట్లో ఎవరైనా సైన్యంలో పనిచేసి ఉంటే ముందు వాళ్ల నంబరు, రెజిమెంటు పేరు, డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితం వెతకండి. భార్య, పిల్లల పేర్లు సైన్యం రికార్డులో నమోదై ఉంటాయి. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. పేరు ఒకే తీరుగా ఉంటుందనుకోకండి. గూడెంలో పిలిచే పేరు వేరు, బడిలో రాసిన పేరు వేరు, పట్టా పాసుపుస్తకంలోది ఇంకొకటి. అన్నీ పక్కపక్కన రాసుకోండి.

తర్వాత అవ్వ దగ్గర కూర్చోండి. పెళ్లి ఏ ఊళ్లో జరిగింది, ఓలి ఎంత ఇచ్చారు, పెద్దలుగా ఎవరు కూర్చున్నారు, ఆ ఏడు కరువా పంటా అని అడగండి. ఆమె మాటలను ఆమె భాషలోనే ఫోనులో రికార్డు చేసి, తేదీ వేసి, కాగితం మీద కూడా రాయండి. సైన్యం కాగితంలో తాత పేరు, తేదీలు దొరుకుతాయి. ఆ కాలంలో ఇల్లు ఎలా నడిచిందో అవ్వకే తెలుసు. రెండూ కలిపి రాస్తేనే మీ ఇంటి చరిత్ర నిండుగా ఉంటుంది.