విమాన చోదకుని పనిగంటలు

మందస రోడ్డు స్టేషనులో రాత్రి రెండు గంటలవేళ బండికోసం కూర్చున్నవారికి ఒక సంగతి అనుభవమే. ఎంత ఆపుకొన్నా ఆ వేళకు కన్ను మూతపడుతుంది. మనం బెంచీమీద ఒరిగి కునుకు తీయవచ్చును. ఎదుటినుండి వచ్చే మెయిలును నడిపే డ్రైవరుకు ఆ వీలు లేదు. ఉద్దానం తోటలమీదుగా ఆకాశంలో దీపాలు మినుకుమినుకుమంటూ సాగిపోయే విమానంలోని చోదకునికి అసలే లేదు. వీరిద్దరి జీతాలను, పనివేళలను గూర్చి నూరేండ్లుగా సాగుతున్న వివాదాలను జనం కూలి తగాదాలని తలచుట పరిపాటి. అవి కూలి తగాదాలే. కాని వాటి అడుగున శరీరశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న ఒకటి ఉన్నది.

విమాన చోదకుని జీతానికి మూలం రైలులోనే ఉన్నది. తూర్పుతీరపు రైలుమార్గం 1893 మొదలు 1896 వరకు భాగాలు భాగాలుగా తెరువబడింది. పలాస, మందస ప్రాంతాలు అప్పుడే మద్రాసు, కలకత్తాల దారిలోకి వచ్చాయి. ఇంజను డ్రైవరుకు నెలజీతంతోబాటు నడిపిన మైళ్ళనుబట్టి భత్యం ఇచ్చే ఆచారం రైల్వేలలో పాతది. అమెరికాలో విమాన చోదకులు 1931లో సంఘం పెట్టుకొన్నప్పుడు, తమకు కూడ మైళ్ళ లెక్క కావాలని అడిగారు. కంపెనీలు గంటల లెక్క చాలునన్నాయి. ఈ రెంటికీ భేదమేమి? లెక్క కట్టి చూడండి. గంటకు 100 మైళ్ళు పోయే పాత విమానంలో చోదకుడు నెలకు 85 గంటలు ఎగిరితే 8,500 మైళ్ళు. గంటకు 180 మైళ్ళు పోయే డగ్లస్ విమానం వచ్చినాక, అదే 85 గంటలలో 15,300 మైళ్ళు. ప్రయాణికులనుండి కంపెనీకి వచ్చే రాబడి మైళ్ళతో పెరుగుతుంది. గంటల లెక్కన చోదకుని జీతం పెరగదు. 1934 మేలో అక్కడి కార్మిక మండలి 83వ తీర్పు ఇచ్చింది. అందులో స్థిరవేతనం, గంటల భత్యం, మైళ్ళ భత్యం మూడూ కలిపి, నెలకు 85 గంటలు మించి ఎగరరాదని హద్దు పెట్టింది. జీతాన్ని, అలసటను ఒకేచోట లెక్కించిన తొలి పెద్ద నిర్ణయాలలో ఇది ఒకటి. హద్దు లేకుండా గంటకు ఇంత అని ఇస్తే మనిషి తన నిద్రను అమ్ముకొంటాడు గదా!

మన దేశంలో క్రమబద్ధమైన విమాన టపా 1932 అక్టోబరు 15న మొదలైంది. జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి చిన్న పుస్‌మాత్ విమానాన్ని నడుపుకొని వచ్చారు. అక్కడినుండి నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకొనిపోయారు. తరువాత మార్గం మారి బళ్ళారికి బదులు హైదరాబాదు మజిలీ అయినది. 1945లో నిజాం స్టేటు రైల్వే, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించారు. రైలు, బస్సు, విమానం మూడింటిలోనూ నిజాం రైల్వేకు చేయి ఉండటం ఆనాటికి ఒక వింతే. బేగంపేటనుండి దాని డకోటాలు ఎగిరేవి. అనేక కంపెనీలు ఆడది అని తిప్పిపంపిన ప్రేమ్ మాథుర్‌కు చోదకురాలి ఉద్యోగమిచ్చినది కూడ ఈ సంస్థే.

నిద్ర సమస్య మన దేశంలో రాత్రి టపాతో సూటిగా ఎదురైంది. 1949లో మొదలైన ఈ ఏర్పాటు చూడటానికి ఎంతో చక్కనిది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి నాలుగు విమానాలు రాత్రివేళ బయలుదేరేవి. నడిరేయి దాటేసరికి నాలుగూ నాగపూరులో కలిసేవి. సంచులు, ప్రయాణికులు మార్చుకొని తెల్లవారేసరికి ఎవరి ఊరికి వారు చేరేవారు. హిమాలయన్ ఏవియేషను, పిదప దక్కన్ ఎయిర్‌వేస్ దీనిని నడిపాయి. ఉత్తరం వ్రాసినవానికి మరునాడే అందుట గొప్ప వసతి. కాని చోదకుని పని మొత్తం శరీరం నిద్రకోరే గంటలలోనే పడింది.

ఆ గంటల సంగతి శాస్త్రజ్ఞులు అప్పటికే కొంత కనుగొన్నారు. 1938లో అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు నథానియల్ క్లైట్‌మన్ తన శిష్యునితో మామత్ గుహలోనికి దిగి, పగలు రాత్రి తెలియని చీకటిలో 32 దినాలు గడిపాడు. దినానికి 28 గంటలుగా నిద్రమేల్కొలుపులు అమర్చుకొన్నారు. చిన్నవాడైన శిష్యుని శరీరం ఆ లెక్కకు అలవడింది. గురువుగారి శరీరపు వేడి మాత్రం 24 గంటల తాళాన్నే వేస్తూ పోయింది. ఈ తాళంలో వేడి అన్నిటికంటె తగ్గేది తెల్లవారుజామున. చురుకుదనం తగ్గేదీ అప్పుడే. అందుచేత విమానశాస్త్రంలో రాత్రి 2 నుండి 6 గంటలవరకు ప్రత్యేకంగా లెక్కిస్తారు.

యుద్ధకాలంలో కేంబ్రిడ్జిలో కెన్నెత్ క్రెయిక్ ఒక నకిలీ విమానపు గదిని నిర్మించాడు. 1940లో డ్రూ అనే పరిశోధకుడు చోదకులను అందులో గంటలకొద్దీ కూర్చోబెట్టి పరీక్షించాడు. అలసినవాడు తప్పులు చేస్తాడన్నది కొత్త సంగతి కాదు. కొత్త సంగతి ఏమనగా, తాను చేస్తున్నది సరిగానే ఉన్నదని అతడు నమ్ముతాడు. ఎంత ఖచ్చితంగా నడపాలన్న కొలత అతనికి తెలియకుండానే సడలిపోతుంది. చూపు ముఖ్యమైన ఒకటి రెండు ముళ్ళమీదనే నిలిచి, పక్కవాటిని మరచిపోతుంది. పని ముగియవచ్చిందనుకొన్న క్షణాన, అనగా దిగబోయే ముందు, తప్పులు మరీ ఎక్కువయ్యాయి. కనుక “నీకు అలసటగా ఉన్నదా?” అని చోదకుణ్ణే అడిగి ఊరుకొంటే చాలదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో కొంతవరకు చూపవచ్చును. ఒకరు స్కేలును నిలువుగా పట్టుకొని చెప్పకుండా వదలాలి; రెండవవారు దానిని వేళ్ళతో పట్టుకోవాలి. 15 సెంటీమీటర్లు జారితే సుమారు 0.175 సెకను, 30 జారితే సుమారు 0.25 సెకను ఆలస్యమైనట్లు. శివరాత్రి జాగారం మరునాడు ఈ పరీక్ష చేస్తే ఫలితం చూడముచ్చటగా ఉంటుంది.

ఇక 1953. ఆ సంవత్సరం ఆగస్టు 1న ఎనిమిది విమాన కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషనులో కలిసిపోయాయి. దక్కన్ ఎయిర్‌వేస్‌తోబాటు, ఒడిశాలో బిజూ పట్నాయక్ స్థాపించిన కళింగ ఎయిర్‌లైన్స్ కూడ అందులో ఉన్నది. విమానాలను కలపటం సులువు. వేర్వేరు జీతాలను, వరుసలను కలపటం కష్టం. ఇదే చిక్కు 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనంలో మళ్ళీ వచ్చింది. 2011లో పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ చోదకులు పది దినాలు సమ్మెచేసి, సమాన వేతనంతోబాటు, ఎగిరిన గంటలతో నిమిత్తంలేని స్థిర భత్యాన్ని అడిగారు. 1934నాటి ప్రశ్నే!

రైలువారి గతి వేరు కాదు. 1973 ఆగస్టులో ఇంజను సిబ్బంది సమ్మె చేసినమీదట, పని పది గంటలకు మించకూడదన్న ఒప్పందం కుదిరింది.

నియమాలు కాగితంమీద లేకపోలేదు. ముప్పది వరుస దినాలలో 125 గంటలకు మించి ఎగరరాదని మన విమాన నియమావళిలోనే ఉండేది. కాని గంటల మొత్తం చూస్తే, అవి ఏ వేళ గంటలన్నది మరుగునపడుతుంది. 2010 మే 22న తెల్లవారి ఆరుగంటలవేళ దుబాయినుండి వచ్చిన విమానం మంగుళూరు రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది మరణించారు. దారిలో కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయినట్లు ధ్వనిముద్రికవల్ల విచారణలో తెలిసింది. దిగటం మానుకొని మళ్ళీ పైకి లేపమని సహచోదకుడు మూడుమార్లు చెప్పాడు. నిద్రనుండి లేచిన మత్తు, తెల్లవారుజాము వేళ, రెండూ ఆ నివేదికలో చేరాయి. మరుసటి ఏడు పనివేళలపై కొత్త నియమాలు వచ్చాయి.

2024 జనవరిలో పౌర విమానయాన డైరెక్టరేటు వాటిని మళ్ళీ దిద్దింది. వారపు విశ్రాంతి 36 గంటలనుండి 48కి పెరిగింది. “రాత్రి” 5 గంటలకు బదులు 6 గంటలవరకు సాగింది. రాత్రిపూట ఒక చోదకుడు ఆరుమార్లకు బదులు రెండుమార్లే విమానం దింపాలన్నారు. కంపెనీలు కాలవ్యవధి కోరగా, 2025 జూలై 1, నవంబరు 1 తేదీలలో రెండు విడతలుగా అమలుచేశారు. రెండవ విడత తరువాత నెల తిరిగేసరికి, డిసెంబరు మొదటి వారంలో, తగినంతమంది చోదకులు లేక ఇండిగో సంస్థ వేలకొద్దీ ప్రయాణాలను రద్దుచేసుకొన్నది. అప్పటి పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం లోక్‌సభ సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు. స్టేషనులలో, విమానాశ్రయాలలో జనం పెట్టెలమీద కూర్చొని ఉండగా, రాత్రి నియమాలను ఆ ఒక్క సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు సడలించారు. చోదకుల సంఘాలు ఆ సడలింపును ఆక్షేపించాయి.