డ్రాఫ్ట్: లాక్కొచ్చే మాట

మనకు డ్రాఫ్ట్ అంటే బ్యాంకు డీడీ, లేదంటే చిత్తుప్రతి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మాత్రం జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం. అన్నిటికీ మూలం 'లాగడం' అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ క్రియ. కుర్రాళ్లను సైన్యంలోకి లాక్కెళ్లడాన్నీ డ్రాఫ్ట్ అనే అన్నారు.

ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ ప్రతిపాదనతో 1936లో ఆ ఆట లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ తొలి డ్రాఫ్ట్ జరిగింది. అట్టడుగు జట్టుకే మొదటి వంతు. అందరికన్నా ముందు ఎంపికైన జే బెర్వాంగర్ ఆ లీగ్‌లో ఆడనే లేదు! సైన్యం పిలుపైతే అంత తేలిగ్గా వదిలేదా?

2013 డ్రాఫ్ట్‌లో కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టు తొలి వంతులో సెంట్రల్ మిషిగన్ కుర్రాడు ఎరిక్ ఫిషర్‌ను తీసుకుంది. అతను అఫెన్సివ్ ట్యాకిల్. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాళ్లను అడ్డుకోవడం ముఖ్యమైన పని. రెండో వంతులో జాక్సన్‌విల్ జట్టుకు వెళ్లిన ల్యూక్ జోకెల్‌దీ అదే పని.