కండరముల చరిత్ర

కండబలము గలవానికి బుద్ధిబలము తక్కువయనియు, చదువుకొన్నవారికి దేహశ్రమ తగదనియు మన యిండ్లలో చిరకాలముగా నొక యభిప్రాయము పాతుకొనియున్నది. అఱువదేండ్లు దాటిన తల్లిని “నీవు కదలకమ్మా, మేము చూచుకొందుము” అని కొడుకులును కోడండ్రును కూర్చుండబెట్టుట గౌరవముగా నెంచబడుచున్నది. ఈ గౌరవ మా తల్లికి మేలు చేయుచున్నదా, కీడు చేయుచున్నదా? కండరమును గూర్చి పండితులు రెండువేల యేండ్లుగా పడిన తర్జనభర్జనలలో నీ ప్రశ్నకు సమాధానము కలదు. కావున నా చరిత్రను గొంత చెప్పదలచితిమి.

సుశ్రుతసంహిత మనుష్యదేహమున 500 పేశులు గలవని లెక్కించి, వానిలో 400 కాలుసేతులయందే యున్నవని చెప్పినది. నేటి లెక్క 600 పైచిలుకు. శవమును పాఱునీట నానవైచి పొరపొరయు విప్పి చూడుమని విధించిన గ్రంథమగుటచే నీ లెక్క కేవల మూహ కాదు. అదే గ్రంథము, వ్యాయామమును తన బలములో సగము మేరకు మాత్రమే చేయవలయునని నియమించి, నోట నూపిరి యాడసాగుట యా సగమునకు గుఱుతని చెప్పినది. కొలతపనిముట్లు లేని కాలమున నింతకంటె సులభమైన కొలత యేమి గలదు? ఐనను పేశి యెట్లు ముడుచుకొనునను ప్రశ్నకు సమాధానము మాత్ర మందు దొరకదు.

ఆ ప్రశ్న పాశ్చాత్యులను మిక్కిలి వేధించినది. మెదడునుండి యొక సూక్ష్మమగు ప్రాణవాయువు నరములగుండ కండరమునకు దిగునని క్రీ. శ. రెండవ శతాబ్దినాటి గాలెన్ బోధించెను. పదునేడవ శతాబ్దిలో డెకార్టు ఈ మతమునే యంత్రశాస్త్రపు భాషలోనికి మార్చెను. తిత్తి నూదినచో నడ్డముగా నుబ్బి నిడివి తగ్గునుగదా. కండరమును నట్లే యని యాతని తలంపు. మోచేయి మడచి దండచేతిని తడవి చూచుకొన్న యెవ్వనికైనను నిది నిజమేయని తోచును. ఉబ్బుట కంటికి కనబడుచున్నది, చేతికి తగులుచున్నది. అనుభవమే సాక్ష్యమిచ్చునపు డనుమానించువా డెవ్వడు?

అనుమానించినవాడు హాలెండు దేశస్థుడైన స్వామర్‌డాం (1637–1680). ఆతడు కప్పతొడ కండరమును నరముతోగూడ కోసి తీసి, యొక గాజుబుడ్డిలో నుంచి, దాని సన్నని గొట్టమున నొక నీటిచుక్కను నిలిపెను. కండర ముబ్బి చోటు హెచ్చుగా నాక్రమించినచో లోపలి గాలి నెట్టబడి చుక్క పైకి లేవవలయును. తీగతో నరమును లాగగా కండరము ముడుచుకొన్నది. చుక్క పైకి లేవలేదు. అనగా కండర మొకచోట లావెక్కినంత మఱియొకచోట తగ్గుచున్నదేకాని, బయటనుండి వచ్చి దానిని నింపుచున్న దేదియు లేదు. అంతియకాదు, మెదడుతో సంబంధము తెగిన కండర మది. ప్రాణవాయువు దానికెక్కడనుండి వచ్చును? ఒక్క నీటిచుక్క పదునైదు శతాబ్దుల సిద్ధాంతమును కూల్చినది. ఈ పరీక్ష యాతడు బ్రతికియుండగా నచ్చుపడలేదు. చనిపోయిన యర్ధశతాబ్దమునకు పైగా గడచినపిదప, 1737–38లో వెలువడినది. మంచిమాట కాలస్యము పాశ్చాత్యదేశములందును తప్పలేదన్నమాట!

నరమున ప్రవహించునది విద్యుచ్ఛక్తియని ఇటలీయందలి గాల్వానీ 1791లో ప్రకటించెను. అటుపిమ్మట ముడుచుకొను తీరు తేటపడుటకు 1954 వఱకు వేచియుండవలసివచ్చినది. ఆ యేట, పరస్పరబంధుత్వము లేని ఇరువురు హక్స్‌లీలు, ఒకరు నీడర్‌గెర్కేతోను, ఒకరు హాన్సన్ అను విదుషీమణితోను గలసి, వేర్వేఱుగా నొక్క నిర్ణయమునకే వచ్చిరి. కండరపుపోగులో మయోసిన్, ఆక్టిన్ అను రెండువిధములైన సన్నని తంతువులు గలవు. రెండు దువ్వెనల పండ్ల నొకదానిలో నొకటి దూర్చినట్లివి యొకదానిప్రక్క నొకటి జాఱును. ఏ తంతువును పొట్టిదికాదు. జాఱుటచే పోగుమాత్రము పొట్టిదగును. మయోసిన్ తలలు పడవతెడ్లవలె ఆక్టిన్‌ను పట్టి, లాగి, విడిచి, మరల పట్టును. విడుచుటకు ఏ.టి.పి. యను పదార్థము కావలయును. మరణానంతర మది యడుగంటుటచే పట్టిన పట్టు విడువక దేహము కొయ్యబాఱును.

ఇక వ్యాయామము. మన కోడి రామమూర్తినాయుడుగారు (మరణము 1942) గొలుసులు తెంపుట చూచి చప్పట్లు కొట్టినవారు పెక్కండ్రు; అది దైవదత్తమని తలంచి తాము చేతులు ముడుచుకొన్నవారును పెక్కండ్రే. ఆయన విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండెననియు, అనగా బలము నేర్పదగినదని నమ్మెననియు, తక్కువమంది తలంతురు. రెండవ ప్రపంచసంగ్రామమున గాయపడిన సైనికులకు, అమెరికా వైద్యుడు డిలోర్మ్ విశ్రాంతికి మాఱుగా క్రమముగా హెచ్చు బరువులెత్తించి, 1945లో ఆ ఫలమును ప్రకటించెను. ఐన నది పడుచువారి సంగతి. వృద్ధుల మాటయేమి?

1990లో ఫియాటరోన్ అను వైద్యురాలును ఆమె సహచరులును బోస్టను నగరమున ఒక వృద్ధాశ్రమమందలి పదిమందిచేత ఎనిమిది వారములు బరువుతో మోకాలు చాపించిరి. వారి సగటు వయస్సు 90 ఏండ్లు. తుదివఱకు నిలిచిన తొమ్మండుగురి కాలిబలము సగటున నూటికి 174 వంతులు హెచ్చినది. తొడకండరము మాత్రము నూటికి 9 వంతులే పెరిగినది. ఈ వ్యత్యాసము చదువరులు గమనింపదగినది. కండరము లావగుటకు ముందే, ఉన్న పోగులను హెచ్చుసంఖ్యలో నొక్కసారి మేల్కొల్పుట నరములు నేర్చుకొనును. నడకయు మెఱుగుపడినది. పదిమందితో జరిగిన పరీక్ష చిన్నదేకాని, పిదప జరిగిన పెక్కు పరీక్ష లీ ఫలమునే బలపఱచినవి.

మన యవ్వలకు రోకలియు, తిరుగలియు, నూతిచేదయు నీ బరువును దినదినము తామే యిచ్చుచుండెడివి. ఆ చాకిరి తిరిగి రావలెనని మేము కోరము. అది పోయినచోట మఱియొక బరువును పెట్టితిమా యనుటయే మా ప్రశ్న. కుర్చీనుండి చేతులానక పదిమారులు లేచుటయు ఆ వయస్సున బరువే. నోట నూపిరి యాడినంతనే యాపుటకు సుశ్రుతుని కొలత చాలును. గుండెజబ్బు గలవారు వైద్యు నడిగి మొదలిడుట మంచిది. బోస్టను వృద్ధుల విషయమున నింకొకటి జరిగినది: పరీక్ష ముగిసి వ్యాయామ మాపివేసిన నాలుగువారములకే వారి బలము మరల తగ్గసాగినది.