పుదుచ్చేరి పాతవీథుల జీర్ణోద్ధరణము

పుదుచ్చేరి పాతపట్టణమున అడుగిడినవానికి మొట్టమొదట కన్పట్టునది వీథుల ఋజుత్వము. పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధమున ఫ్రెంచివారు నెలకొల్పిన యీ వర్తకస్థానమును 1693లో డచ్చివారు పట్టుకొని, 1699లో మరల ఫ్రెంచివారికే అప్పగించువఱకు గడచిన స్వల్పకాలములో, ఒండొంటిని సమకోణములలో ఖండించు వీథులతో పట్టణమునకు ఒక పటమును గీచిరి. తరువాత 1761 జనవరిలో ఇంగ్లీషు సేనలు పట్టణమును వశపఱచుకొని కోటను, ప్రాకారములను, సౌధములను నేలమట్టము గావించినను, 1763 నాటి పారిస్ సంధివలన తిరిగివచ్చిన ఫ్రెంచివారు పాతవీథుల జాడలు పట్టుకొనియే క్రొత్త యిండ్లను లేపిరి. కట్టడములు కూలినను పటము నిలిచినదనుట యీ నగరచరిత్రలో నాకు మిక్కిలి ఆశ్చర్యము గొల్పు సంగతి.

ఉత్తరదక్షిణములుగా సాగు కాలువకు తూర్పున, సముద్రము వైపున, దొరల వాడ. పడమట తమిళుల వాడ. తూర్పువాడ యిండ్లు ఎత్తైన ప్రహరీగోడల వెనుక దాగియుండగా, పడమటివాడ యిండ్లు వీథిని పోవువానిని పలుకరించునట్లు బాట అంచునకే వచ్చి నిలుచును. కొయ్యస్తంభములపై వాలిన పెంకుల పంచ, దాని నీడలో బాటసారి యెవడైనను కూర్చుండదగిన అరుగు, చెక్కడపు పనిగల ద్వారబంధము, లోపల మండువా, దానిచుట్టును వసారాలు: ఇది క్రింది యంతస్తు. పై యంతస్తున కమానుల కిటికీలు, గోడకంబములు, పిట్టగోడలు ఫ్రెంచి పద్ధతి ననుసరించును. ఈ మేళనమునకు ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసియైన ఆనందరంగపిళ్ళ భవనము నేటికిని సాక్షిగా నున్నది. 1736 మొదలు తన మరణపర్యంతము ఫ్రెంచి కంపెనీ రాచకార్యములను తమిళమున దినచర్యగా వ్రాసియుంచిన ఆ పిళ్ళయే తెలుగుకవులకును ఆశ్రయమిచ్చెను; కస్తూరి రంగకవి తన లక్షణగ్రంథమగు ‘ఆనందరంగరాట్ఛందము’ను అతని పేరనే వెలయించెను. కావున ఆ యింటి గడపతో మన సాహిత్యమునకును బాంధవ్యము కలదు.

1954లో మన యానాముతోపాటు పుదుచ్చేరియు ఫ్రెంచి యేలుబడినుండి తొలగెను. ఈ యిండ్లకు కీడు ఆ మార్పువలన వచ్చినది కాదు. మెల్లమెల్లగా, ఇంటింటి కారణములచేతనే వచ్చినది. పంపకములలో ఒక్క యిల్లు అనేకుల పాలయ్యెను. నేల వెల పెరిగి, ఇల్లు పడగొట్టి అంతస్తులు లేపుటయే లాభసాటియని తోచెను. గానుగసున్నము నూఱి నున్నగా పూయగల పనివారు అరుదైరి. సున్నపుపూత గోడలోని తేమను వెలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో, ఆ ఉప్పుగాలి ఊరిలో, చెమ్మ లోపలనే నిలిచి ఇటుకను తినివేయును. ఈ సూక్ష్మ మెఱుగనివాని చేతిలో మరమ్మతే ఇంటికి చేటగును.

ఇట్టి స్థితిలో తమిళుల వాడలోని వైశ్యాళ్ వీథియందు జరిగిన ప్రయత్నము నా దృష్టిలో మిగిలిన వానికంటె ఎన్నదగినది. 2002–2004 నడుమ, ఐరోపా సమాఖ్యవారి ‘ఆసియా ఉర్బ్స్’ పథకము క్రింద, ఇటలీలోని ఉర్బీనో, ఫ్రాన్సులోని విల్‌నెవ్-సుర్-లాట్ నగరములు తోడు నిలువగా, పురపాలకసంఘమును, వారసత్వ పరిరక్షణకై పాటుపడు ఇన్‌టాక్ సంస్థయు కలసి ఆ వీథిలోని సుమారు ఇరువది యిండ్ల ముఖభాగములను పూర్వరూపమునకు తెచ్చిరి. వారు ఒక స్మారకభవనమును ఎన్నుకొనలేదు, వీథిని ఎన్నుకొనిరి. ఏలయన పంచ ప్రక్కన పంచ, అరుగు ప్రక్కన అరుగు వరుసగా నున్నప్పుడే ఆ వాడకు రూపము కలుగును గాని, నడుమ నొక యిల్లు పోయినచో మిగిలినవి అనాథలగును. ఆ యిండ్లు ప్రజల సొంత ఆస్తులు. వానిని కేవలము శాసనముతో కాపాడుట యే ప్రభుత్వమునకును సాధ్యము కాదు. వ్యయములో యజమానికి తోడుపడి, అతనిని అరుగుమీద కూర్చుండబెట్టుకొని ఒప్పించుట తప్ప మార్గాంతరము లేదు. ఈ వీథికి 2008లో యునెస్కోవారి ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారములలో స్థానము లభించెను.

తూర్పువాడలో ప్రైవేటు ధనమే మున్ముందుగా కదలెను. పాతసౌధములు కొన్ని జీర్ణోద్ధరణ పొంది హోటళ్ళుగా మాఱినవి. ‘హోటల్ ద లోరియాఁ’ అట్టివానిలో పేర్కొనదగినది. గోడలు దక్కినందుకు సంతోషింపవలసినదే. అయినను కాపురమున్న యింటిని కాపురముతోనే నిలుపుట అంతకంటె కష్టమైన పని, అంతకంటె గొప్ప పని.

సర్కారు తన సొంత కట్టడమును ఉపేక్షించినచో ఏమగునో సముద్రతీరమునందలి ‘మేరీ’, అనగా పాత పురభవనము, చూపినది. పందొమ్మిదవ శతాబ్దిలో కట్టిన ఆ సౌధము ఏండ్లతరబడి శిథిలావస్థలో నుండి, 2014 నవంబరు వానలలో కుప్పకూలెను. పిదప ప్రపంచబ్యాంకు సహాయముతో, కోస్తా విపత్తుల నివారణ పథకము క్రింద, పూర్వపు నమూనాననుసరించి దానిని మరల కట్టి 2021 ఫిబ్రవరిలో ప్రారంభించిరి. చూపునకది పాత మేరీయే. గోడలు మాత్రము క్రొత్తవి. సకాలమున కప్పునకును, దూలములకును వెచ్చించి యుండినచో ఆ గోడలే మనకు దక్కియుండెడివని తలంచినప్పుడు బాధ కలుగక మానదు.

కప్పు మాట వచ్చినది కనుక వైశ్యాళ్ వీథి పథకమున నాకు తోచిన లోటును గూడ చెప్పవలసియున్నది. అచ్చట ప్రధానముగా బాగుపడినవి వీథికి కనబడు ముఖములు. కాని యిట్టి యిల్లు చచ్చుట ముఖమునుండి కాదు, నెత్తినుండి. టేకుదూలముల మీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నముతో బిగించిన మద్రాసు మిద్దె ఒకచోట బీటవాఱినచో, వాననీరు దూలపు కొనలకు, అనగా గోడలో దాగిన భాగమునకు, దిగి యెవరికిని కనబడకుండ వానిని పుచ్చజేయును. ఇక ముందు ఏ నిధి యీ వాడకు వచ్చినను, అది మొదట మిద్దెలను తిరుగవేయుటకును, దూలములు మార్చుటకును, గానుగసున్నపు పని పడుచువాండ్రకు నేర్పుటకును వినియోగపడవలయునని నా గాఢవిశ్వాసము. రంగులు వేయుట ఆ పిమ్మటి పని.