ఇంటికి తాళము, లోపల పెట్టె

వికారాబాదు, తాండూరు పట్టణములు 1874లో వాడి నుండి సికిందరాబాదుకు పడిన రైలుమార్గము మీద నున్నవి. బదిలీ మీద వచ్చిన గుమాస్తా, నాపరాతి గనులకు వచ్చిన పనివాడు అచ్చట అద్దెగదినే వెదకుకొందురు. అట్టివాడు స్వగ్రామమునకు పోయి తిరిగి వచ్చుసరికి గుమ్మమునకు క్రొత్త తాళము! ట్రంకుపెట్టె, పరుపుచుట్ట లోపల నున్నవి. ఇల్లు యజమానిదే, కాదనము. మరి పెట్టె ఎవరిది?

ఆంగ్లదేశమున అద్దె బాకీకై యజమానియే సామాను పట్టుకొను హక్కు శతాబ్దముల తరబడి చెల్లినది. 2014లో గాని అది తొలగలేదు. మన దేశమున 1882 నాటి చట్టము కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో అట్టి జప్తును అనుమతించినను, అది కోర్టు ద్వారా జరుగవలసినదే.

హైదరాబాదు రాష్ట్రమున 1954లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1960లోను ఇండ్ల అద్దె నియంత్రణ చట్టములు వచ్చెను. 1960 చట్టము ప్రకారము బాకీ యున్నను కంట్రోలరు ఉత్తర్వు లేనిదే ఖాళీ చేయింపరాదు. కాని ఈ రక్షణ జంటనగరములకు, మునిసిపాలిటీలకే పరిమితము. తక్కిన ఊళ్ళవారికి 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము కలదు. న్యాయమార్గమున గాక వెడలగొట్టబడినవాడు ఆరు నెలల లోపల దావా వేసి స్వాధీనము మరల పొందవచ్చును. ఆ దావాలో యజమాని తన దస్తావేజు చూపినను ప్రయోజనము లేదు. ఆరు నెలలు దావా వేయుటకు గడువు మాత్రమే. తీర్పునకు 2018 సవరణ వరకు గడువు ఎవరును పెట్టలేదు!

ఇంటికి ఆరవ సెక్షను, పెట్టెకు ఏడవది. ఆ పెట్టెలో ఏమున్నదో రుజువు చేయు భారము మాత్రము అద్దెకున్నవానిదే.