విమాన వాహక నౌకలో కొలువు, విశాఖ తీరం

విమానాలు ఎగరడానికీ దిగడానికీ వీలుగా కట్టిన యుద్ధనౌక విమాన వాహక నౌక. ఇంధనం, మందుగుండు, మండే ఇంజన్లు, వందలాది మనుషులు అన్నీ అందులో పక్కపక్కనే ఉంటాయి. శత్రువు దరిదాపుల్లో లేకపోయినా అక్కడ ప్రాణగండం తప్పదు.

భారత నౌకాదళానికి తొలి వాహక నౌక ఐఎన్‌ఎస్‌ విక్రాంత్‌. 1957లో బ్రిటన్‌ నుంచి కొన్న ఈ ఓడ 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో దళంలో చేరింది. 1971 భారత్‌-పాకిస్తాన్‌ యుద్ధానికి ముందే ఒక బాయిలర్‌కు పగులు వచ్చింది. దాన్ని ఆపేసి మూడింటితోనే ఓడను నడిపారు. వేగం తగ్గితే కష్టం పైలట్లది. పొట్టి డెక్‌ మీంచి విమానం లేవాలంటే ఎదురుగాలి కావాలి, గాలి లేనప్పుడు ఆ లోటును ఓడ పరుగే తీర్చాలి. విమానాన్ని ముందుకు విసిరే క్యాటపల్ట్‌కూ ఆవిరే ఆధారం. అందుకే బాయిలర్‌ గది వేడిలో నిలబడ్డవారి తెగువ పైలట్ల తెగువకు ఏమాత్రం తీసిపోదు. యుద్ధ కథల్లో వారి ఊసు మరీ తక్కువ.

విక్రాంత్‌ను వేటాడటానికి పాకిస్తాన్‌ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. అప్పటికే విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్‌ వైపు తరలించారు. విశాఖలో మాత్రం ఓడ రాబోతోందన్న నమ్మకం కలిగించారు. తూర్పు కమాండ్‌ అధిపతి వైస్‌ అడ్మిరల్‌ ఎన్‌.కృష్ణన్‌ కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు భారీగా పురమాయించారు. ఐఎన్‌ఎస్‌ రాజ్‌పుత్‌ సముద్రంలోంచి విక్రాంత్‌లా వైర్‌లెస్‌ సందేశాలు పంపింది. ఓ నావికుడు తల్లి ఆరోగ్యం గురించి అడుగుతున్నట్టు టెలిగ్రాం కూడా వెళ్లింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట ఘాజీ పేలి, అందులోని వారందరితో మునిగిపోయింది. రాజ్‌పుత్‌ వేసిన డెప్త్‌ చార్జీలే కారణమని భారత్‌, లోపలి పేలుడని పాకిస్తాన్‌ చెబుతాయి. 4న విక్రాంత్‌ సీహాక్‌ విమానాలు కాక్స్‌బజార్‌, చిట్టగాంగ్‌లపై దాడి చేశాయి.

డెక్‌ మీద హోరులో మాట వినపడదు, చేతి సైగలే భాష. దిగే విమానం తోక కొక్కెం అడ్డంగా కట్టిన ఉక్కు తాడును పట్టుకోవాలి. అది తప్పితే మళ్లీ ఎగరడానికి పైలట్‌ చక్రాలు తగలగానే ఇంజన్ల వేగం పెంచుతాడు. 1967 జులై 29న అమెరికా ఓడ ఫారెస్టల్‌పై పొరపాటున పేలిన ఒక్క రాకెట్‌ రేపిన మంటల్లో 134 మంది చనిపోయారు. మన వాహక నౌక విక్రమాదిత్యపై 2016లో కార్వార్‌లో మరమ్మతుల సమయంలో విషవాయువు ఇద్దరిని బలిగొంది. 2019 ఏప్రిల్‌లో అదే ఓడలో మంటలార్పుతూ ఒక అధికారి ప్రాణం కోల్పోయారు.

2022 సెప్టెంబరు 2న చేరిన కొత్త విక్రాంత్‌లో 16 పడకల ఆసుపత్రి, మహిళలకు ప్రత్యేక క్యాబిన్లు ఉన్నాయి. 2017లో విరమించిన మరో వాహక నౌక విరాట్‌ను విశాఖలో మ్యూజియంగా నిలపాలన్న ఆంధ్రప్రదేశ్‌ ప్రతిపాదన నెరవేరలేదు. 2020లో ఆ ఓడ అలంగ్‌కు తుక్కుగా వెళ్లింది. అలా పోవడం తీరని నష్టం. జలాంతర్గామి నావికుల బతుకును ఆర్కే బీచ్‌లోని కుర్సురా మ్యూజియంలో చూడవచ్చు, వాహక నౌక వారిది చూసే చోటు విశాఖలో లేదు.